‘ఆ మూల సౌధంబు’లో మూల ఏ మూల?

బెజవాడ కుర్రోడు: రేపు మా ఫిల్మ్ క్లబ్బులో మాంటేజ్ మీద, అంటే వేర్వేరు షాట్లు అతికించి కొత్త అర్థం తెప్పించడం మీద, మాట్లాడాలండీ. ఐజెన్‌స్టైన్ తీసిన సోవియట్ సినిమా పొటెంకిన్ (1925)లో మూడు రాతి సింహాలు, పడుకున్నదీ తలెత్తినదీ లేచినదీ వెంటవెంటనే అతికిస్తే ఒకటే సింహం లేచి కూర్చున్నట్టు ఉంటుంది కదా, దాని పక్కన పోతన గజేంద్రమోక్షంలోని ‘అల వైకుంఠపురంబులో నగరిలో నా మూల సౌధంబు’ పెడదామని. మూల అంటే ఓ మూలనున్న మేడా, అసలు మేడా? మా అమ్మమ్మ ‘ఆ మూల’ అన్నప్పుడల్లా చెయ్యెత్తి వంటింటి వైపు చూపించేది.

బ్రాడీపేట మాస్టారు: ప్రధాన సౌధమే నాయనా. స్వామివారు మూలగదిలో ఉంటారా?

యతి పిచ్చోడు: పద్నాలుగో అక్షరం ‘నా’. మొదట్లో ‘అ’కి అక్కడ యతి (పాదం మొదటి అక్షరంతో పొత్తు) కుదరాలంటే ద్రుతం, అంటే ముందు మాట చివరి నకారం, తీసేసి ‘ఆ’ అనే చూడాలి, కాబట్టి ‘నా మూల’ అని విడగొట్టి పాడేవాళ్లు కాస్త ఆగండి.

మాస్టారు: అది మాకూ తెలుసు. దాంతో మూల సంగతి తేలిందా?

కత్తెర: సార్లూ, అసలిది మాంటేజే కాదు. ఊరు, మేడ, తోట, కొలను, చంద్రకాంత శిల, కలువల పాన్పు, కెమెరా అలా లోపలికి పోతూనే ఉంది, ఒక్క కట్ లేదు. కట్లు కావాలంటే స్వామి లక్ష్మికైనా చెప్పకుండా బయల్దేరే ‘సిరికిం జెప్పడు’ పద్యం చూడండి, ఆరు ముక్కలు. కాకపోతే ‘చెప్పడు’ని ఎలా షూట్ చేస్తారో నాకైతే తెలీదు, చెప్పకపోవడాన్ని ఫ్రేములో పెట్టలేం కదా.

కుర్రోడు: ఐజెన్‌స్టైన్ పుష్కిన్‌నీ మిల్టన్‌నీ షాట్లుగా విడగొట్టి చూపించాడండీ, మనం పోతనని చెయ్యకూడదా?

కత్తెర: చెయ్యి బాబూ, కానీ అందులో గొప్ప సంగతి సౌండు. ఏనుగు పాహి పాహి అనేది మడుగులో, ‘కుయ్యాలించి’, అంటే స్వామి ఆ మొర వినడం, వైకుంఠంలో. బొమ్మ ఇక్కడ, గొంతు అక్కడ. గాడ్‌ఫాదర్ (1972)లో చర్చిలో బాప్టిజం మంత్రాలు హత్యల మీద నడిచినట్టు. మా దగ్గర మాంటేజ్ సాంగ్ అంటే పిల్లాడు పరిగెడుతూ పరిగెడుతూ హీరో అయిపోవడమే, ఏం చేస్తాం.

యతి పిచ్చోడు: కట్ లేదంటారేంటి, ‘సౌధంబు’ తర్వాత వచ్చే ‘దాపల’లో ‘దా’ మొదటి పాదం చివర, ‘పల’ రెండో పాదం మొదట్లో పడ్డాయి. మాటనే కోసేశాడు మహానుభావుడు!

మాస్టారు: పాదం దాటడం మనకి మామూలేనయ్యా. పోతన అక్కడే కలం ఆపి లేచెళ్లాడనీ, రాముడొచ్చి పూర్తి చేశాడనీ కథ కూడా ఉంది.

తెనాలి రైతుబిడ్డ: ఇంతకీ దాపల అంటే దగ్గర అనుకుంటున్నారా అందరూ? ఎడమ అండీ. మా బండికి దాపటెద్దు ఎడమ పక్క, ఎలపటెద్దు కుడి పక్క. మా దాపటిది నల్లమచ్చది, దాన్ని కుడికి కడితే కాడి కింద తలే పెట్టేది కాదు.

మాస్టారు: నిఘంటువులో ఎడమ ఉంది నిజమే, కానీ ఎవరికి ఎడమ? మేడకా, చూసేవాడికా?

కత్తెర: అదే కెమెరా ప్రశ్న సార్!

కుర్రోడు: అయ్యా, మూల సంగతి... రేపు సాయంత్రం ఆరింటికండీ.

రైతుబిడ్డ: మేడకే ఎడమ. ఎద్దుని అడగండి.