ఏడో నెలలో అపెండిక్స్ ఆపరేషన్: పూర్తి మత్తు ఇస్తే బిడ్డ మెదడుకు ఏమవుతుంది?

ఏఎన్‌ఎం, నరసన్నపేట వైపు:
28 వారాల గర్భిణి, రెండో కాన్పు. నిన్నటి నుంచి కుడిపక్క కడుపునొప్పి, వాంతులు, జ్వరం. స్కానింగ్‌లో అపెండిక్స్ 9 మిల్లీమీటర్లకు ఉబ్బింది. ఈ రాత్రికే తీసెయ్యాలి, పూర్తి మత్తు కావచ్చు అని శ్రీకాకుళంలో సర్జన్ గారన్నారు. ఇంటిల్లిపాదిదీ ఒకటే మాట: "మత్తిస్తే కడుపులో గుంట మొద్దయిపోతాదట, కాన్పయ్యేదాకా మందులతో నెట్టుకొద్దాం." అమెరికా హెచ్చరిక అంటూ ఫోన్‌లో వచ్చిందొకటి చూపిస్తున్నారు. అందులో నిజమెంత?

మత్తు డాక్టరు, శ్రీకాకుళం:
హెచ్చరిక నిజమేనండి, సగమే చదివారు. 2016 డిసెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇచ్చింది. మూడేళ్లలోపు పిల్లలకు గానీ, చివరి మూడు నెలల్లో ఉన్న గర్భిణికి గానీ 3 గంటలు దాటి, లేదా పదేపదే మత్తిస్తే పిల్లల మెదడు ఎదుగుదల మీద ప్రభావం ఉండొచ్చని దాని సారాంశం. ముఖ్య ఆధారం జంతువుల మీద చేసిన పరీక్షలు. సెవోఫ్లూరేన్, ప్రొపోఫాల్, మిడజోలం లాంటి మత్తుమందులు మెదడు కణాలను నెమ్మదింపజేసే గాబా సంకేతాన్ని పెంచుతాయి, కెటమిన్ వాటిని ఉత్తేజపరిచే ఎన్‌ఎండీఏ సంకేతాన్ని అడ్డుకుంటుంది. మెదడు కణాలు ఒకదానితో ఒకటి అల్లుకునే దశలో గంటల తరబడి ఇలా జరిగితే కొన్ని కణాలు వాటంతటవే చచ్చిపోతాయి. 2003లో ఏడు రోజుల ఎలుక పిల్లలకు మూడు మందులు కలిపి 6 గంటలు ఇస్తే కనబడింది ఇదే. పగలని అపెండిక్స్‌కు పట్టేది గంట, అటూ ఇటూ. పసిపిల్లలకు గంటలోపు సెవోఫ్లూరేన్ ఇచ్చి, వాళ్లకు ఐదేళ్లు వచ్చాక తెలివితేటలు కొలిచిన పరీక్ష ఫలితాలు 2019లో వచ్చాయి. మెలకువగా ఉంచి వెన్నుమత్తు ఇచ్చినవాళ్లతో పోలిస్తే తేడా లేదు. అది పుట్టిన పిల్లల్లో చేసిందన్నది మాత్రం మరవకూడదు.

నా లెక్కలో బిడ్డ మెదడుకు అసలు గండం మత్తుమందు కాదు, తల్లి బీపీ, ఆక్సిజన్ పడిపోవడం. మాయకు రక్తాన్ని తానే సర్దుకునే శక్తి లేదు, తల్లి బీపీ పడితే బిడ్డకు వెళ్లే రక్తం కూడా తగ్గుతుంది. అందుకే కుడి పిరుదు కింద దిండు పెట్టి ఎడమకు 15 డిగ్రీలు వాలుస్తాం. లేకపోతే గర్భసంచి బరువు పెద్ద సిరను నొక్కేస్తుంది. 3 నిమిషాలు ఆక్సిజన్ పీల్చనిచ్చి, కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోకుండా వెంటనే ట్యూబు వేస్తాం, 6.5 లేదా 7 సైజు. గొంతు వాచి ఉంటుంది కాబట్టి పెద్దది దిగదు. బీపీ పడితే దాన్ని పెంచే ఫినైలెఫ్రిన్ 50 నుంచి 100 మైక్రోగ్రాములు. వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడ్ 30-32 ఎంఎంహెచ్‌జీ దగ్గర ఉంచాలి. ఊపిరి మరీ ఎక్కువ కొట్టిస్తే గర్భసంచి రక్తనాళాలు ముడుచుకుంటాయి. గర్భిణికి మత్తు వాయువు మామూలు కంటే తక్కువే చాలు.

చివర్లో చాలామంది మరిచేది ఒకటుంది. కండరాలను వదులు చేసిన మందు ప్రభావం తీసెయ్యడానికి ఇచ్చే నియోస్టిగ్మిన్ మాయ దాటుతుంది, అది గుండెను నెమ్మదింపజేయకుండా తోడుగా ఇచ్చే గ్లైకోపైరోలేట్ పెద్దగా దాటదు. బిడ్డ గుండె నెమ్మదిస్తుంది. గ్లైకోపైరోలేట్‌కు బదులు అట్రోపిన్ వాడాలి.

ఓటీ టెక్నీషియన్, విజయనగరం:
కోసి తీసే ఆపరేషనైతే వెన్నుమత్తు సరిపోదా సార్? బిడ్డకు మందు చేరేది నామమాత్రమే కదా.

మత్తు డాక్టరు, శ్రీకాకుళం:
సరిపోతుంది, కుదిరితే అదే మేలు. కానీ మత్తు రొమ్ముల ఎత్తుదాకా ఎక్కాలి, అంత ఎక్కితే బీపీ దబ్బున పడుతుంది. చీము పట్టి, ఒంట్లో ఇన్ఫెక్షన్ పాకి, బీపీ ముందే తక్కువుంటే వెన్నుమత్తు జోలికి పోను. చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చేసే లాప్రోస్కోపీ అయితే పూర్తి మత్తే.

ప్రసూతి వైద్యురాలు, విజయనగరం:
బిడ్డ గుండె ఆపరేషన్‌కు ముందూ తర్వాతా చూసి రాసిపెట్టాలి, నిమిషానికి 110 నుంచి 160 మధ్య ఉండాలి. పూర్తి మత్తులో బిడ్డ గుండె వేగం చూపే గీతలో హెచ్చుతగ్గులు తగ్గి చదునుగా వస్తుంది. అది మందు పని, బిడ్డ ఇబ్బంది కాదు. దాన్ని చూసి కంగారుగా సిజేరియన్‌కు దిగొద్దు. 110 కిందికి పడి అక్కడే నిలిస్తే మాత్రం ముందు తల్లి బీపీ, ఆక్సిజన్, ఎడమ వాలు చూడండి.

నొప్పికి పారాసిటమాల్. డైక్లోఫెనాక్ సూది వద్దు. 20 వారాలు దాటాక ఉమ్మనీరు తగ్గుతుంది, 30 దాటితే బిడ్డ గుండె దగ్గరి నాళం ముందే మూసుకుపోవచ్చు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న కవిటి, సోంపేట, ఉద్దానం వైపు గర్భిణి అయితే ఇంకా జాగ్రత్త. కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ 1.0 వస్తే ల్యాబువాళ్లు నార్మల్ అని ఇస్తారు. గర్భిణికి 0.8 దాటకూడదు, 1.0 అంటే కిడ్నీ సంగతి అనుమానించాలి.

ఏఎన్‌ఎం, నరసన్నపేట వైపు:
యాంటీబయాటిక్స్‌తో ఆపడం అసలు కుదరదా మేడమ్? 108కి ఫోన్ చేశాం.

ప్రసూతి వైద్యురాలు, విజయనగరం:
కాన్పుదాకా ఇంకా 12 వారాలమ్మా. ఈలోగా అపెండిక్స్ పగిలితే బిడ్డ పోయే ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుంది. కాన్పు నొప్పులు ముందే మొదలవ్వొచ్చు కాబట్టి 28 వారాల బిడ్డను చూసుకునే ఎస్‌ఎన్‌సీయూ (జబ్బుపడ్డ నవజాత శిశువుల విభాగం) ఉన్న ఆసుపత్రికే పంపండి. బండిలో ఎడమ పక్కకు పడుకోబెట్టండి, నోటికేమీ ఇవ్వొద్దు. తల్లీబిడ్డల కార్డు, స్కానింగ్, బ్లడ్ గ్రూపు కాగితం వెంట ఉండాలి.

మత్తు డాక్టరు, శ్రీకాకుళం:
ఆఖరుసారి గంజి ఎన్నింటికి తాగిందో ఆవిణ్నే అడిగి కార్డు మీద పెన్నుతో రాసేయండి. ఇక్కడికొచ్చాక ఆవిడొకటి, అత్తగారొకటి చెప్తారు.