మాత్రలు మానేసిన మా నాయనకు చక్కెర వ్యాధి గురించి ఎలా నచ్చజెప్పాలి?

అందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం దగ్గర పల్లె. 62 ఏళ్ల మా నాయన ఇప్పటికీ వేరుశనగ సేద్యం చేస్తున్నారు. చక్కెర వ్యాధికి డాక్టరు గారు రెండు పూటలా భోజనంతో వేసుకోమని 500 మిల్లీగ్రాముల మెట్‌ఫార్మిన్ రాశారు. పోయిన వారం ఆయన వక్కాకు సంచిలో, సున్నపు డబ్బీ కింద, ఒక్క మాత్ర కూడా తియ్యని రెండు అట్టలు నాకు కనబడ్డాయి.

అడిగితే, "పరగడుపున 108 వచ్చింది కదప్పా, తగ్గినాక మాత్రలెందుకు, కిడ్నీలు చెడగొట్టుకునేదానికా?" అన్నారు. ముందు రాత్రి మజ్జిగ మాత్రమే తాగి పడుకున్న మాట ఆయనకు గుర్తులేదు. అదే వారం చేయించిన హెచ్‌బీఏ1సీ రక్తపరీక్షలో మాత్రం 8.4 శాతం వచ్చింది, అంటే చక్కెర ఇంకా ఎక్కువగానే ఉంది. ఆ పరీక్ష ఒక్క పూటది కాక, సుమారు మూడు నెలల సగటును చూపుతుందనీ, మూత్రపిండాలను దెబ్బతీసేది అదుపు తప్పిన చక్కెరే గానీ ఈ మాత్ర కాదనీ, మూత్రపిండాలు ముందే బలహీనపడి ఉంటే మాత్రం డాక్టరు మోతాదు తగ్గిస్తారనీ నాకు తెలుసు. అయితే నేను చెప్పినప్పుడు అది ఆయనకు కొడుకు చేసే పోరులాగే వినబడుతోంది.

మీ ఇళ్లలో పెద్దలకు ఈ విషయం అర్థమయ్యేలా చెప్పినవారు ఏ పోలికతో, ఏ మాటలతో చెప్పారో దయచేసి రాయండి. రాగిసంగటి ఎంత తిన్నా చక్కెర పెరగదన్న ఆయన నమ్మకాన్ని నొప్పించకుండా, ముద్ద పరిమాణం తగ్గించడం ఎలాగో కూడా చెప్పగలరు.