లేహ్ వెళ్లే మీటియర్ 350కి ఏం మార్చాలి, ఏం ముట్టుకోకూడదు?

కొత్త మీటియర్:
అందరికీ నమస్కారం. ఉద్యోగం హైదరాబాద్‌లో, సొంతూరు రాజమహేంద్రవరం. రాయల్ ఎన్‌ఫీల్డ్ వారి మీటియర్ 350 ఫైర్‌బాల్ కొని ఏడాది దాటింది. జులైలో నలుగురం కలిసి నాగపూర్, ఝాన్సీ, ఆగ్రా, మనాలీ మీదుగా లేహ్ వెళ్దామనుకుంటున్నాం. ఈలోగా బండికి చేయించాలనుకున్నవి ఇవి: ఎత్తు హ్యాండిల్, పొడుగు గొట్టం సైలెన్సర్, రెండు ఫాగ్ లైట్లు, మెత్తటి సీటు, బ్యాక్‌రెస్ట్, రెండు పక్కలా సంచులు. చేతిలో నలభై వేలు ఉన్నాయి. ఏది ముందు, ఏది తర్వాత? అనుభవం ఉన్నవారు చెప్పండి.

ఘాట్ రోడ్డు:
ముందు సైలెన్సర్. శబ్దం వినిపించేలా వీడియో పెట్టండి తమ్ముడూ.

నల్లమల దారి:
ఏదీ వద్దు. కంపెనీ ఇచ్చిన బండిని కంపెనీ ఇచ్చినట్లే తీసుకెళ్లండి.

లెక్క చెబుతాను. మీ బండి బరువు 191 కిలోలు, శక్తి 20.2 హార్స్‌పవర్. లేహ్ దారిలోని తాంగ్‌లాంగ్ లా కనుమ 5,300 మీటర్లకు పైన ఉంటుంది. అక్కడ గాలి పీడనం మన ఊళ్లలో ఉండేదానిలో సగానికి కాస్త ఎక్కువ, అంతే. ఫ్యూయల్ ఇంజెక్షన్ కనుక గాలి తగ్గినా పెట్రోలు కొలత అదే సర్దుకుంటుంది కానీ, లేని గాలిని ఎక్కడి నుంచి తెస్తుంది? మీ ఇరవైలో సగానికి దగ్గరగా ఆవిరైపోతుంది. ఆ మిగిలిన దానితో మీరు, మీ సామాను, మీ ఇనుప బ్యాక్‌రెస్ట్, మీ ఇనుప రెయిలింగులు అన్నీ ఎక్కాలి. పెళ్లికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్లడం అంటే ఇదే.

నలభై వేలూ ఇలా ఖర్చు పెట్టండి: అరిగి ఉంటే రెండు టైర్లు, చెయిన్ స్ప్రాకెట్, బ్రేక్ ప్యాడ్లు, కొత్త బ్యాటరీ. అదనంగా ఒక క్లచ్ కేబుల్, ట్యూబ్‌లెస్ పంక్చర్ కిట్, చిన్న గాలి పంపు, బల్బులు, ఫ్యూజులు. మిగిలినవి మంచి జాకెట్టుకు, చేతి తొడుగులకు.

బారు కాళ్లు:
నల్లమల గారూ, మీరు రాసిందంతా బండి గురించే. దాని మీద కూర్చునే మనిషి సంగతి ఎవరు చూడాలి?

మీటియర్ లాంటి క్రూయిజర్‌లో కాళ్లు ముందుకు చాచి కూర్చుంటాం. నగర వీధుల్లో రాజసంగా ఉంటుంది. అదే హైవేలో రోజంతా అయితే బరువంతా వెన్నెముక చివరి ఎముక మీదే పడుతుంది. మామూలు బండి మీద గుంత వస్తే ఫుట్‌రెస్ట్‌ల మీద కాస్త లేచి నిలబడతాం. దీని మీద కాళ్లు ముందుంటాయి, లేవలేం. గుంత దెబ్బ తిన్నగా నడుముకే. నా ఎత్తు ఆరడుగులు దాటింది. కంపెనీ సీటు మీద నిర్మల్ దాటేసరికే పక్కకు ఒరిగి కూర్చోవాల్సి వచ్చేది. సీటు ఫోమ్ మార్పించి, హ్యాండిల్ కింద దాన్ని కాస్త ఎత్తు చేసే రైజర్ వేయించాక అదే బండి మీద నాగపూర్ దాకా హాయిగా వెళ్లాను. ఇది సోకు కాదు, అవసరం.

అసలు ఆ కంపెనీయే ఈ బండిని మొదట మూడు రకాలుగా తెచ్చింది కదా! స్టెల్లార్‌లో బ్యాక్‌రెస్ట్ ఇచ్చింది, సూపర్‌నోవాలో గాలిని ఆపే ముందు అద్దం కూడా ఇచ్చింది. కొత్త మీటియర్ గారు చవకైన ఫైర్‌బాల్ కొన్నారు కనుక అవి లేవు. ఇప్పుడు పెట్టించుకుంటే నేరమా?

నల్లకోటు:
నేరం మాట వచ్చింది కనుక చెబుతున్నాను. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చి చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. సైలెన్సర్ శబ్దానికి సెక్షన్ 190(2) విడిగా ఉంది. మొదటిసారికే 10,000 దాకా జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. పైగా మూడు నెలలు లైసెన్సుకు అనర్హత.

బారు కాళ్లు:
సీటు ఫోమ్ మార్పిస్తే జైలా?

నల్లకోటు:
నేను అలా అనలేదు. వాహనం మౌలిక స్వరూపం మారేలా నిర్మాణాన్ని మార్చడమే ఆ సెక్షన్ దృష్టిలో మార్పు. సీటు మెత్తన, సంచులు అందులోకి రావు. సైలెన్సర్ తప్పకుండా చిక్కే. మీ రైజర్ సంగతి రవాణా అధికారిని అడగండి.

పానా నంబర్ 12:
రోజూ బండ్లు విప్పేవాడిని. నాలుగు మాటలు రాస్తాను.

సైలెన్సర్: కంపెనీ గొట్టంలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది. బయట దొరికే చవక గొట్టాల్లో అది ఉండదు. పైగా పొగ సులువుగా బయటికి పోతుంది కానీ పెట్రోలు కొలత పాతదే. యాక్సిలరేటర్ వదలగానే టపటపమని పేలుతుంది. చాలామంది ఆ పేలుడుకే మురిసిపోతారు. రోజుకు పది గంటలు ఆ శబ్దం చెవిలో పెట్టుకుని నడిపి చూడండి, మూడో రోజుకు మీరే పీకేస్తారు.

హ్యాండిల్: ఎత్తు హ్యాండిల్ వేస్తే క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్, ముందు బ్రేక్ గొట్టం, స్విచ్చుల వైర్లు అన్నీ పొడవు చాలవు. సగం షాపుల్లో పాతవే లాగి బిగించేస్తారు. ఒక పరీక్ష చెబుతాను. బండిని న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి, హ్యాండిల్‌ను ఒకసారి ఎడమకు చివరిదాకా, ఒకసారి కుడికి చివరిదాకా తిప్పండి. ఎక్కడైనా ఇంజన్ వేగం దానంతట అదే పెరిగితే కేబుల్ బిగుసుకుపోయినట్లు. ఘాట్ మలుపులో అలా జరిగితే ఏమవుతుందో నేను చెప్పనక్కర్లేదు. రైజర్ ఒక అంగుళం లోపు అయితే చాలావరకు పాత కేబుళ్లే సరిపోతాయి. అయినా ఈ పరీక్ష చేయాల్సిందే.

లైట్లు: 40 వాట్లవి రెండంటే 12 వోల్టుల మీద దాదాపు 7 ఆంపియర్లు లాగుతాయి. హెడ్‌లైట్ వైరుకే కలిపేస్తే ఆ వైరు, ఆ స్విచ్చు అంత తట్టుకోవు. బ్యాటరీ నుంచి విడిగా వైరు, దానికి విడిగా ఫ్యూజు, మధ్యలో రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే స్విచ్చు, ఉండాలి.

సంచులు: కుడి పక్కన సైలెన్సర్ ఉంది. సంచిని దూరంగా పట్టి ఉంచే ఇనుప స్టే లేకుండా వేలాడదీస్తే కాలి రంధ్రం పడుతుంది. బరువైనవి కింద, తేలికైనవి పైన సర్దండి. వెనక షాక్‌లకు ఆరు మెట్ల సర్దుబాటు ఉంది, సామాను ఎక్కాక దాన్ని పెంచడం మరవకండి.

కొత్త మీటియర్:
చాలా థ్యాంక్స్ అన్నా. పెట్రోలుకు ఏమైనా చేయాలా? పెద్ద ట్యాంకు వేయించమని ఒకరు అన్నారు.

పానా నంబర్ 12:
వద్దు. మనాలీ దాటాక వచ్చే తాండీ బంకు దగ్గర తర్వాతి బంకు 365 కిలోమీటర్లు అని రాసిన బోర్డు ఫొటో మీరూ చూసే ఉంటారు. మీ ట్యాంకు 15 లీటర్లు. కొండల్లో లీటరుకు 30 వచ్చినా 450 కిలోమీటర్లు. నమ్మకానికి అయిదు లీటర్ల క్యాను ఒకటి చాలు.

నల్లమల దారి:
రిలే, విడి ఫ్యూజు అని పానా గారు తేలిగ్గా రాసేశారు. అలా చేసే షాపు ఎక్కడుంది? అందరూ వైరు తొడుగు బ్లేడుతో కోసి, రాగి తీగలు మెలిపెట్టి, నల్ల టేపు చుట్టి పంపేస్తారు. వానకు ఆ టేపు జిగురు కరిగి జారిపోతుంది. తీగ పచ్చబారుతుంది. లైట్లే వద్దంటున్నాను.

బారు కాళ్లు:
లైట్ల మాట నేను ఎత్తనే లేదు. సీటు గురించి అడిగాను.

నల్లమల దారి:
సీటుతో మొదలవుతుంది. సీటు విప్పగానే కింద వైరింగ్ కనబడుతుంది. ఎలాగూ విప్పాం కదా, ఛార్జింగ్ పాయింట్ వేద్దాం అంటాడు షాపు వాడు. తర్వాత లైట్లు, తర్వాత హారన్. ఒక్క కోతతో ఆగినవాడిని నేను చూడలేదు.

బారు కాళ్లు:
నేను ఆగాను. మీరు చూడకపోతే నా తప్పా? మీ ప్రతి జవాబూ ఇలాగే ఉంటుంది. అవెంజర్ బండికి ముందు అద్దం పెట్టించుకుంటానని పాపం ఒకాయన అడిగితే ఆయన్నీ వైరింగ్ అనే బెదిరించారు. అద్దానికీ వైరుకూ ఏమిటి సంబంధం? కుర్రవాళ్లు బండిని ముచ్చటగా చేసుకుంటే మీకు కంటగింపు, అంతే.

ఘాట్ రోడ్డు:
మొదలైంది.

నల్లమల దారి:
కంటగింపా? అయితే వినండి. మా జట్టులో ఒకతని బండికి లైట్లు, రెండు హారన్లు, వెలిగే నంబరు ప్లేటు అన్నీ ఉండేవి. మనాలీ నుంచి లేహ్ వెళ్లే దారిలో సర్చూ దాటి, ఇరవై ఒక్క మలుపుల గాటా లూప్స్ ఎక్కుతుంటే వైరింగ్ కాలి బండి ఆగిపోయింది. ఫోను పనిచేయదు. ఒకరు పాంగ్ వెళ్లి లారీ మాట్లాడుకుని రావాలి, మిగిలినవాళ్లు ఆ చలిలో కాపలా. అందరం ఆగాం. సెలవు అయిపోయింది. లేహ్ చూడకుండానే వెనక్కి తిరిగాను. అప్పటికీ ఆలస్యమై మా పిన్ని కూతురి పెళ్లి అందలేదు. ఆ మనిషి మాత్రం మర్నాడు మళ్లీ అదే షాపుకు ఫోన్ చేసి కొత్త హారన్ ధర అడుగుతున్నాడు. ఒకరి ముచ్చటకు నలుగురి సెలవులు పోయాయి. నాకు కోపం రావడం తప్పా?

బారు కాళ్లు:
తప్పని ఎవరన్నారు? కానీ నాదీ వినండి. నా బండికి అప్పటికి ఒక్క మేకు కూడా అదనంగా లేదు, అచ్చంగా కంపెనీ బండి. అదే దారిలో బరాలాచా కనుమ దిగుతుంటే క్లచ్ కేబుల్ తెగింది. తోటివాళ్లు పది నిమిషాలు చూశారు. లేహ్‌లో గది మాట్లాడుకున్నాం, చీకటి పడితే కష్టం అన్నారు. నువ్వు ఏదైనా లారీ ఎక్కించుకుని రా అని చెప్పి వెళ్లిపోయారు. కాలేజీ రోజుల నుంచి కలిసి తిరిగినవాళ్లు. ఆ రాత్రి సర్చూలో ఒక గుడారం ఆయన టీ ఇచ్చి, కంబళి ఇచ్చి, తలనొప్పితో వాంతులైతే పక్కనే కూర్చున్నాడు. ఆయన భాష నాకు రాదు, నా భాష ఆయనకు రాదు.

కనుక మార్పులు చేయిస్తేనే బండి ఆగుతుందని నాకు చెప్పకండి.

నల్లమల దారి:
అదనపు క్లచ్ కేబుల్ పెట్టుకోమని నా మొదటి జవాబులోనే రాశాను.

బారు కాళ్లు:
మీరు నిజంగా ఇదే అనబోతున్నారని నాకు తెలుసు.

పానా నంబర్ 12:
ఇద్దరూ ఒక్క నిమిషం ఆగండి. సీటు, లైట్లు అని కొట్లాడుకుంటున్నారు కానీ ఇక్కడ సమస్య అది కాదు. దారిలో ఒకరి బండి ఆగితే మిగిలినవారు ఆగాలా, వద్దా? నల్లమల గారు ఆగి నష్టపోయారు. బారు కాళ్లు గారి కోసం ఎవరూ ఆగలేదు.

నల్లమల దారి:
ఆగాలి. ఆగాలనే అంటాను, ఆగాను కూడా. కానీ నా సెలవు పణంగా పెడుతున్నప్పుడు అవతలివారి బండి ఎలా ఉందో ముందే చూసే హక్కు నాకు ఉంది. బయలుదేరే వారం ముందు అందరి బండ్లూ ఒకచోట పెట్టి, సీట్లు ఎత్తి చూడాలి. కోసిన వైరు కనబడితే సరిచేసుకుని రావాలి, లేదా రాకూడదు.

బారు కాళ్లు:
అంటే పరీక్ష పాసైతేనే స్నేహం! నా కోసం ఆగనివాళ్లు కూడా ఇదే అన్నారు. కేబుల్ నువ్వు చూసుకోవాల్సింది కదా అన్నారు. మీ షరతు మంచిదే కావచ్చు. కానీ వదిలి వెళ్లిపోవడానికి అదే సాకు అవుతుంది. ఎవరి తప్పు వల్ల ఆగినా ఆగాల్సిందే. లెక్కలు ఇంటికొచ్చాక చూసుకోవచ్చు.

నల్లమల దారి:
ఇంటికొచ్చాక పెళ్లి తిరిగి రాదు.

నల్లకోటు:
దీనికి సెక్షన్ లేదు.

నిర్వాహకుడు:
వ్యక్తిగత విమర్శలు చాలు. కంటగింపు లాంటి మాటలు మళ్లీ వస్తే చర్చ మూసేస్తాను.

కొత్త మీటియర్:
సీటు, సంచులు, స్టే పని మొదలుపెట్టించాను. ఎత్తు హ్యాండిల్ మానేశాను. లైట్లు పానా అన్న చెప్పినట్లు చేసే వారు దొరికితేనే. సైలెన్సర్ మీద మాత్రం మనసు ఇంకా పీకుతూనే ఉంది, దాచడం ఎందుకు!

నిన్న రాత్రి మా గ్రూపులో అడిగాను, ఒకరి బండి ఆగితే ఏం చేద్దాం అని. ఒకతను తప్పకుండా ఆగుదాం అన్నాడు. ఇంకొకతను ఎక్కడ ఆగిందన్న దాన్ని బట్టి చూద్దాం అన్నాడు. మూడో అతను చూశాడు కానీ జవాబు ఇవ్వలేదు.

నల్లమల దారి:
ఆ మూడో ఆయన బండికి ఏమేం మార్పించాడో కనుక్కోండి.

బారు కాళ్లు:
బండి వదిలేయండి. ఆ మనిషితో వెళ్లాలా వద్దా అన్నది ఆలోచించండి.

కొత్త మీటియర్:
అతనిది పూర్తిగా కంపెనీ బండే అండీ. ఏమీ మార్చలేదు.

నల్లమల దారి:
సీటు ఎత్తి చూశారా?