కాసా వాలంటీరుగా చేరాలనుకుంటున్నా, మనకెందుకీ గొడవ అంటున్నారు. మీరేమంటారు?

సుజాత_ఫ్రిస్కో:
అందరికీ నమస్కారం. పిల్లలిద్దరూ కాలేజీకి వెళ్ళిపోయారు, కాస్త టైం దొరుకుతోంది. మా లైబ్రరీలో కాసా (CASA, Court Appointed Special Advocates) వాళ్ళ పోస్టర్ చూశాను. ప్రభుత్వం ఇంట్లోంచి తీసుకెళ్ళి, వేరే కుటుంబం తాత్కాలికంగా పెంచే ఫోస్టర్ కేర్‌లో పెట్టిన పిల్లలకి కోర్టు ఒక వాలంటీరుని నియమిస్తుందట. ఆ వాలంటీరు పిల్లని నెలనెలా కలిసి, టీచరుతో, డాక్టరుతో, అమ్మానాన్నలతో మాట్లాడి, పిల్లకి ఏది మంచిదో జడ్జికి రిపోర్టు రాయాలి. లాయర్ అవ్వక్కర్లేదు, 30 గంటల ట్రైనింగ్ వాళ్ళే ఇస్తారు. మావారు మాత్రం "ఇంకొకరి సంసారంలో మనం దూరడం ఏంటి" అంటున్నారు. ఇక్కడ ఎవరైనా చేశారా?

పద్మజ_హ్యూస్టన్:
నేను చేస్తున్నాను సుజాత గారూ. తప్పకుండా చేరండి. అసలిది 1977లో సియాటిల్‌లో డేవిడ్ సూకప్ అనే జడ్జి మొదలుపెట్టింది. పిల్లల గురించి తన ముందున్న కాగితాల్లో ఏమీ ఉండట్లేదు, ఆ కాస్త చూసే జీవితాలు తేల్చేయాల్సి వస్తోందని ఆయన బాధ. ఇప్పటికీ అంతే. కేస్ వర్కర్లు, అంటే ఈ పిల్లల కేసులు చూసే ఆఫీసువాళ్ళు, ఉద్యోగం మానేసి వెళ్ళిపోతుంటారు, వాళ్ళ నెత్తిన బోలెడు కేసులు. మన చేతిలో ఒకటే ఉంటుంది. వివరాలు మార్చి చెప్తున్నా, ఒక పిల్లాడి కళ్ళజోడు విరిగింది. ఫోస్టర్ ఇంటివాళ్ళు పిల్లల సంక్షేమ ఏజెన్సీ కొంటుందనుకున్నారు, ఏజెన్సీ కొత్త వర్కర్ వచ్చాక చూద్దామంది. వాడు బోర్డు కనపడక వెనకబెంచీలో నిద్రపోతుంటే స్కూలువాళ్ళు మొండివాడని రాశారు. నేను రిపోర్టులో పెట్టాను, హియరింగులో జడ్జి అడిగారు, ఆ వారంలోనే కళ్ళజోడు వచ్చింది. మనం చేసేది ఇలాంటి పనే.

గుంటూరు_మిర్చి:
30 గంటలా? మా వాడికి లైసెన్స్ రావడానికి నేను పక్కన కూర్చుని కారు తిప్పించిందే 30 గంటలు, టెక్సాస్ రూలు అది. అంతే ట్రైనింగుతో ఒక పిల్లాడు తల్లి దగ్గరికి వెళ్ళాలా వద్దా అని చెప్పేస్తారా?

కిరణ్_బాబు:
హెచ్4 (హెచ్1బీ వాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద ఉన్నవాళ్ళు చెయ్యొచ్చా?

పద్మజ_హ్యూస్టన్:
మిర్చి గారూ, 30 అన్నది చేరడానికి ముందు. తర్వాత ఏటా ఇంకో 12 గంటలు ఉంటుంది. బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేస్తారు, పైన సూపర్‌వైజర్ ఉంటారు. నేను సిఫారసు చేస్తానంతే, నిర్ణయం జడ్జిది.

గుంటూరు_మిర్చి:
42 అనుకోండి, ఏం మారింది? ఇంకో మాట. 2019లో టెక్సాస్ కేసుల మీదే ఒక పరిశోధన వచ్చింది. కాసా ఉన్న పిల్లలు సొంత తల్లిదండ్రుల దగ్గరికి తిరిగి వెళ్ళే అవకాశం తక్కువని తేలింది, బంధువులకు శాశ్వతంగా అప్పగించడం కూడా తక్కువే. దీనికేమంటారు?

రవి_ఆస్టిన్:
కష్టమైన కేసులకే ముందు కాసాని వేస్తారు బ్రదర్. లెక్కల్లో ఎంత సరిచేసినా అది పూర్తిగా పోదు. ఐసీయూలో ఎక్కువమంది పోతున్నారని డాక్టర్లని అంటామా?

లక్ష్మి_ఎన్‌జే:
మా పాప మెడ్ స్కూల్ అప్లికేషనుకి ఇది పనికొస్తుందా అండీ? 19 ఏళ్ళు.

పద్మజ_హ్యూస్టన్:
మామూలుగా 21 నిండాలి లక్ష్మి గారూ. అయినా అప్లికేషను కోసమైతే దయచేసి వద్దు. పిల్లలకి ఇప్పటికే వచ్చిపోయేవాళ్ళు ఎక్కువ.

గుంటూరు_మిర్చి:
నేనెందుకు మాట్లాడుతున్నానో చెప్తా వినండి. మా చిన్నోడు స్కూల్లో "నాన్న కొడతాడు" అన్నాడు. మర్నాడు ఒకావిడ ఇంటికొచ్చింది, వాలంటీరు కాదు, పిల్లల సంక్షేమ ఆఫీసు మనిషే. ఫ్రిజ్ తీసి చూసింది, పరుపులు లెక్కపెట్టింది. పిల్లలు మా దగ్గరే పడుకుంటారంటే ముఖం చిట్లించింది. నేను ఆఫీసులో ఉన్నా. మా ఆవిడకి ఇంగ్లీషు అంతంత మాత్రం, ఏడేళ్ళ కూతురి చేత ప్రశ్నలు చెప్పించింది. "మీ నాన్న మీ అమ్మని కొడతాడా" అన్నది ఆ పిల్లే వాళ్ళమ్మని అడగాలి. కేసు ఏమీ లేదని మూసేశారు, నిజమే. కానీ మా ఆవిడ ఇప్పటికీ కాలింగ్ బెల్ మోగితే తలుపు తియ్యదు.

పద్మజ_హ్యూస్టన్:
అది ఘోరం, కాదనను. కానీ మీరు కొట్టారా లేదా చెప్పలేదు.

గుంటూరు_మిర్చి:
చూశారా! నేను భాష గురించి చెప్తే మీకు నేరం కావాలి. ఒక్క దెబ్బ వేశా, రోడ్డు మీదకి పరిగెత్తాడని. రాసుకోండి మీ రిపోర్టులో.

రవి_ఆస్టిన్:
పద్మజ అక్కా, అలా అడగడం బాలేదు.

మోడరేటర్:
వ్యక్తిగతంగా వెళ్ళకండి. ఇంకోసారైతే లాక్ చేస్తా.

పద్మజ_హ్యూస్టన్:
సరే, సూటిగా మాట్లాడుకుందాం. మిర్చి గారూ, మీ గొడవ 30 గంటల గురించి కాదు, బయటివాళ్ళు మన ఇంట్లోకి రాకూడదని. నేను చూసిన పిల్లల్లో కొందరి ఇంటికి బయటివాళ్ళెవరూ ఏళ్ళ తరబడి రాలేదు, అందుకే వాళ్ళకి ఆ గతి పట్టింది.

గుంటూరు_మిర్చి:
రాకూడదని అనట్లేదు. ఎవరొస్తున్నారన్నదే ప్రశ్న. ఇక్కడ కేసు మొదలయ్యాక పిల్లని తిరిగి తెచ్చుకోవడానికి తల్లికి ఏడాది గడువు, మహా అయితే ఇంకో ఆర్నెల్లు పొడిగిస్తారు. అంతలో ఉద్యోగం, అద్దె ఇల్లు, క్లాసులు, కౌన్సెలింగు, డ్రగ్ టెస్టులు అన్నీ చూపించాలి, బస్సు కూడా రాని చోట. నాలుగు బెడ్‌రూముల ఇంట్లోంచి వచ్చిన మనం ఆ తల్లి అపార్ట్‌మెంటు చూసి "పిల్లకి మంచిది" ఏదో రాస్తాం. ఫోస్టర్ ఇంట్లో పిల్లకి వేరే గది ఉంటుంది, పియానో ఉంటుంది. మన చెయ్యి ఎటు మొగ్గుతుంది? ఇంతకీ పద్మజ గారూ, తల్లి దగ్గరికి పంపమని మీరు ఎప్పుడైనా రాశారా?

పద్మజ_హ్యూస్టన్:
చెప్పకూడదు. కేసు సంగతులు బయటపెట్టనని జడ్జి ముందు ప్రమాణం చేశాను.

గుంటూరు_మిర్చి:
బాగుంది. మరి మేం ఎలా నమ్మాలి?

పద్మజ_హ్యూస్టన్:
మీరు నమ్మక్కర్లేదండీ. నా రిపోర్టు తల్లి తరఫు లాయరుకీ అందుతుంది. నన్ను కోర్టులో నిలబెట్టి ప్రశ్నలు వేయొచ్చు, వేశారు కూడా. పిల్లకి విడిగా లాయరుంటారు, పిల్ల ఏం కోరుకుంటోందో ఆయన చెప్తారు. నేను చెప్పేది పిల్లకి ఏది మంచిదని నాకు అనిపిస్తోందో అది. రెండూ ఒకటి కానప్పుడు రెండూ జడ్జికి వినపడాలి. బస్సు లేకపోవడం వల్ల తల్లి క్లాసు తప్పిపోతే ఆ ముక్క రాసేది కూడా నేనే.

గుంటూరు_మిర్చి:
మీరు రాస్తారు. రాయనివాళ్ళ సంగతి? "నాకు అనిపిస్తోంది" అన్న మాట దగ్గరే నా పేచీ అంతా.

సుజాత_ఫ్రిస్కో:
నేను ఇన్ఫర్మేషన్ సెషనుకి పేరు ఇచ్చేశాను. మిర్చి గారూ, కోపంగా కాదు, నిజంగానే అడుగుతున్నా. అలాంటి ఇంటికి వెళ్తే నేను ఏం చెయ్యకూడదు?

గుంటూరు_మిర్చి:
చెప్పకుండా ఊడిపడకండి. ఇంగ్లీషు రాని తల్లి అయితే ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టమని పట్టుబట్టండి, పిల్లల చేత అడిగించకండి. ఒకే పరుపు మీద అందరూ పడుకుంటే అది పేదరికమో అలవాటో అడిగాకే రాయండి. మేనమామో అమ్మమ్మో ఉన్నారేమో ముందు వెతకండి. వేరే రాష్ట్రంలో ఉన్నా సరే.

పద్మజ_హ్యూస్టన్:
ఇంటర్‌ప్రెటర్, అమ్మమ్మ, ఈ రెండూ ఒప్పుకుంటాను. కానీ అలవాటు అన్న మాట దగ్గర నేను ఆగను మిర్చి గారూ. పిల్ల భయమేస్తోందంటే మనవాళ్ళ ఇళ్ళలో అందరూ ఇంతేలే అని వదిలెయ్యను.

గుంటూరు_మిర్చి:
మనవాళ్ళు అని నేను ఎక్కడన్నా?