పాత తలుపుకి కొత్త బందులు బిగిస్తే తళతళ మెరుస్తున్నాయి, పాతవాటిలో కలిసిపోవాలంటే ఏం చెయ్యాలి?

గోదారి గట్టు:
అందరికీ నమస్కారం. అమలాపురం దగ్గర మా తాతగారి మండువా ఇల్లు బాగు చేయిస్తున్నాం. వీధి తలుపు టేకుది, ఇప్పటికీ రాయిలా ఉంది గానీ నాలుగు బందుల్లో రెండింటిని తుప్పు తినేసింది, చెయ్యి వేస్తే రేకులు రేకులుగా రాలుతున్నాయి. అదే కొలతకి కొత్తవి చేయించాను, స్క్రూలు మాత్రం బజార్లో కొన్న జింకు పూతవి. బిగించాక చూసి అమ్మ "ఇది మన తలుపేనా?" అంది. ఆ మాటకి నాకు రాత్రి నిద్ర పట్టలేదు. అన్నీ విప్పి రాత్రంతా వినెగర్లో నానబెట్టాను. స్క్రూలు బూడిద రంగుకి వచ్చి ఆగిపోయాయి. బందులేమో ఆరగానే ఇటుక రంగు తుప్పు పట్టాయి, వేలు పెడితే పొడి అంటుకుంటోంది. పక్కనున్న పాత బందు చూస్తే దాదాపు నలుపు. తప్పు ఎక్కడ జరిగింది?

కొలిమి పక్కన:
తప్పేం లేదన్నా, పని సగంలో ఉంది అంతే. స్క్రూలు బూడిద రంగుకి వచ్చాయంటే జింకు పోయి లోపలి ఇనుము బయటపడినట్టే. జింకు పూత త్వరగా పోవాలని కొలిమిలో పెట్టమని ఎవరైనా చెప్తారు, ఆ పని మాత్రం చెయ్యొద్దు, జింకు పొగ పీలిస్తే చలి జ్వరం వస్తుంది. ఇప్పుడు తుప్పు ఎక్కించాలి. అర లీటరు 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో 60 మిల్లీలీటర్ల వినెగర్, అర టేబుల్ స్పూన్ ఉప్పు కలిపి ఎండలో బ్రష్‌తో పూయండి, నిమిషాల్లో తుప్పు లేస్తుంది. మెడికల్ షాపులో ఎక్కువగా 6 శాతానిది ఇస్తారు, దానికి సమానంగా నీళ్ళు కలుపుకోండి. ఆరాక వైర్ బ్రష్‌తో వదులుగా ఉన్న పొడి దులిపి మళ్ళీ పూయాలి, అలా మూడు నాలుగు సార్లు. ఒక్కసారికే మందంగా పట్టించాలని చూస్తే అదంతా పొడిలా రాలిపోతుంది. ఆరుబయట చెయ్యండి, చేతికి గ్లవ్స్, కంటికి అద్దాలు ఉండాలి. మిగిలింది సీసాలో పోసి మూత బిగించొద్దు, గ్యాస్ పట్టి పగులుతుంది. బ్లీచింగ్ జోలికి అసలు పోవద్దు.

పెడన అమ్మాయి:
నలుపు సంగతి నేను చెప్తానండి. మా ఇంట్లో కలంకారీ పని. పాత ఇనప ముక్కలు, బెల్లం నీళ్ళలో వేసి రోజుల తరబడి పులియబెడతాం. ఆ నీళ్ళు కరక్కాయ పట్టించిన గుడ్డ మీద పడగానే నల్లబడతాయి. మీ బందు మీద జరగాల్సిందీ అదే. కరక్కాయ పొడి నీళ్ళలో బాగా మరిగించి, వడకట్టి, చల్లారాక తుప్పు మీద పూయండి. ఎర్రదనం కళ్ళముందే నీలి నలుపులోకి తిరుగుతుంది, నాకైతే ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. ఒకటే జాగ్రత్త, ఇదంతా తలుపు నుంచి విప్పాకే చెయ్యాలి. టేకు మీద ఆ నీళ్ళు పడితే మచ్చ దిగిపోతుంది, తియ్యడం చాలా కష్టం.

పాత ఇళ్ళ మేస్త్రి:
ఇద్దరూ చెప్పింది నిజమే, కానీ ఉప్పు లోపల మిగిలితే మీ కొత్త బందుని కూడా అదే తినేస్తుంది, అసలే కోనసీమ గాలి. కాబట్టి కరక్కాయకి ముందే వంట సోడా నీళ్ళతో ఒకసారి, మామూలు నీళ్ళతో రెండు మూడు సార్లు కడిగి ఎండలో పెట్టండి. నలుపు వచ్చాక ఉడికించిన అవిసె నూనె పల్చగా రాసి తుడిచెయ్యాలి. ఆ నూనె గుడ్డని ఉండ చుట్టి మూల పడెయ్యొద్దు, తనంతట తనే అంటుకుంటుంది, తీగ మీద విడిగా ఆరెయ్యండి. ఇంకో మాట, పాత బందుని దగ్గరగా చూడండి, అంతా ఒకే నలుపు ఉండదు. కీలు తిరిగే చోట, అంచుల్లో రుద్దుకుని నున్నగా ఉంటుంది. అక్కడ సన్నటి ఎమరీ కాగితంతో ఒక్క దెబ్బ వేస్తే సరిపోతుంది. లోపలి వైపు, కనబడని చోట, సంవత్సరం చెక్కించండి. పాత కట్టడాల మరమ్మతు ఎలా చెయ్యాలో చెప్పే అంతర్జాతీయ నియమావళి, 1964 వెనిస్ చార్టర్‌లో ఇదే రాశారు, కొత్త ముక్క పాతదాంతో కలిసిపోవాలి గానీ పరిశీలిస్తే వేరుగా తెలియాలి అని. రేపు మీ మనవడు విప్పితే ఏది తాతల నాటిదో తెలియాలి కదా.

గోదారి గట్టు:
ఒక బందు మీద చేసి చూశానండి. కరక్కాయ నీళ్ళు పూస్తుంటే మొదట ఊదా రంగు మచ్చలు లేచి, కాసేపటికి అంతా కలిసిపోయింది. అమ్మని పిలిచి రెండూ పక్కపక్కన పెట్టి కొత్తది ఏదని అడిగితే పాతదాని మీద వేలు పెట్టింది. సంవత్సరం చెక్కించడానికి రేపు కమ్మరి దగ్గరికి వెళ్తున్నా. గొళ్ళెం ఉంగరం కూడా ఇలాగే చెయ్యాలి, కానీ చెయ్యి పట్టే చోటు కాబట్టి నూనె బదులు మైనం రాస్తే మంచిదా? ఎవరైనా రాసి చూశారా?