పాఠాలు ఆరుబయట చెబితే చదువు వెనకబడుతుందా?

ఒక తండ్రి:
మా అబ్బాయి చదివే ఆరో తరగతిలో సైన్సు టీచరు గారు వారానికి రెండు పీరియడ్లు పిల్లలను బడి ఆవరణలోని చెట్ల కిందికి తీసుకువెళుతున్నారు. సిలబస్ పూర్తికాదనీ, ఎండకు పిల్లలు నీరసపడతారనీ కొందరు తల్లిదండ్రులు అభ్యంతరం చెబుతున్నారు. మీ అభిప్రాయాలు తెలుపగలరు.

ఒక తల్లి:
పిల్లలకు హుషారుగా ఉంటుందని నేనూ ఒప్పుకుంటాను. అయితే నలభై మందిని బయటికి నడిపించి, కుదురుగా కూర్చోబెట్టి, తిరిగి గదిలోకి తెచ్చేసరికి పీరియడ్‌లో కొంత పోతుంది. ఆ లోటును ఇంట్లో పూడ్చవలసింది మేమే.

ఒక ఉపాధ్యాయురాలు:
రాకపోకలకు సమయం పడుతుందన్నది నిజమే కానీ, అక్కడ చెప్పేది కూడా సిలబస్‌లోని పాఠమే. ఒక గరిక దుబ్బునూ ఒక తోటకూర మొక్కనూ మట్టితో సహా పెకలించి పక్కపక్కన పెడితే, గరికకు పీచు వేర్లు, ఆకులో సమాంతరంగా సాగే ఈనెలు, తోటకూరకు లావుపాటి తల్లివేరు, ఆకులో వలలా అల్లుకున్న ఈనెలు కనిపిస్తాయి. వేరుకూ ఈనెకూ ఉన్న ఆ సంబంధాన్ని చేతులతో తడిమి చూసిన పిల్లలు, వరి ఆకు చూపగానే దాని వేర్లు ఎలా ఉంటాయో తామే చెబుతారు. పట్టికను వల్లె వేయించినప్పుడు ఈ ఫలితం నాకు ఎన్నడూ రాలేదు.

కంటిచూపు సంగతి ఇంకా ముఖ్యం. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో 12 ప్రాథమిక పాఠశాలల ఒకటో తరగతి పిల్లలపై పరిశోధన జరిపి, 2015లో ఫలితాలు ప్రచురించారు. కొన్ని బడుల్లో రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడిపించగా, మూడేళ్లలో వారిలో 30.4 శాతం మందికి హ్రస్వదృష్టి (దూరంలోనివి మసకగా కనిపించడం) వచ్చింది. మామూలుగా నడిచిన బడుల్లో అది 39.5 శాతం. నీడలో కూర్చున్నా, పగటి వెలుతురు తరగతి గదిలోని వెలుతురు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

ఎండ విషయంలో మీ భయం సబబే. అందుకే ఆ పీరియడ్లు ఉదయం పూటే ఉండాలి, ఎండలు ముదిరి ఒంటిపూట బడులు మొదలయ్యాక ఆపేయాలి. 2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల మధ్య పది రోజులు పుస్తకాల సంచి లేకుండా గడపాలంటోంది. అది మంచిదే, కానీ వారం వారం జరిగే పాఠానికి అది సాటి రాదు.

ఒక తల్లి:
అదే సిలబస్, అదే పీరియడ్ అయితే నాకు అభ్యంతరం లేదు. కాకపోతే చూసినదాన్ని పిల్లలు అక్కడే బొమ్మ గీసి నోట్సులో రాసుకోవాలి. రెండో టీచరు గానీ ఆయమ్మ గానీ తోడు ఉండాలి. ఈ రెండూ బడివారు ఒప్పుకుంటే మా అమ్మాయిని సంతోషంగా పంపిస్తాను.