అద్దెకివ్వడానికి మొదటి ఫ్లాట్: కొనవచ్చా?

కొత్తగడప: మియాపూర్‌లో రెండు పడకగదుల పాత ఫ్లాట్ 65 లక్షలు చెబుతున్నారు. అద్దె నెలకు 20 వేలు వస్తుందట. చేతిలో 25 లక్షలున్నాయి, మిగతాది బ్యాంకు లోను. కొనవచ్చా? ఆదాయపు పన్ను పాత, కొత్త విధానాల్లో దేనిలో కడితే మేలు?

లెక్కల మాస్టారు: తెలంగాణలో స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి 7.5 శాతం. అంటే దాదాపు 4.9 లక్షలు మీ చేతి డబ్బులోంచే పోతుంది. లోను 45 లక్షలవుతుంది. 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అనుకుంటే నెల వాయిదా 39 వేలు. వచ్చేది 20 వేలు, అదీ మెయింటెనెన్స్, ఆస్తిపన్ను, ఇల్లు ఖాళీగా ఉండే నెలలు తీసేయకముందు. ఏటా రెండు లక్షలకు పైగా జీతంలోంచి వేయగలిగితేనే ముందుకు వెళ్లండి.

బెజవాడ బాబాయి: ఫ్లాటు మాట మరిచిపోండి. స్థలం కొని పోర్షన్లు వేయండి. ఒక పోర్షన్ ఖాళీ అయినా మిగతావాటి అద్దె ఆగదు. నేను అలాగే నిలదొక్కుకున్నాను. ఒక్క జాగ్రత్త: 11 నెలలకోసారి ఒప్పందం మార్చండి. పన్నెండేళ్లు ఉన్నవాడిదే ఇల్లు అయిపోతుంది.

సివిల్ దావా: బాబాయి గారూ, ఇది తప్పు. నేను ఏళ్ల తరబడి కోర్టులో ఇంటి వ్యాజ్యాలే నడుపుతున్నాను. అద్దెదారు మీ అనుమతితో వచ్చినవాడు. మీ హక్కును కాదంటూ, అందరికీ తెలిసేలా అనుభవించేవాడికే ఆ పన్నెండేళ్ల సూత్రం. అద్దెకు దిగినవాడు ఆ ఇల్లు మీది కాదని కోర్టులో అనలేడు. పాత సాక్ష్య చట్టం 116వ సెక్షన్ అదే చెప్పింది, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమం 122వ సెక్షనూ అదే. 11 నెలల సంగతి వేరు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం మూలరూపంలో ఏడాది దాటిన లీజునే రిజిస్టర్ చేయించాలంది, ఆ ఖర్చు తప్పించుకోవడానికే 11 నెలల అలవాటు వచ్చింది.

బెజవాడ బాబాయి: పుస్తకంలో సెక్షన్లు బాగానే ఉంటాయి. మా బావమరిది ఇంట్లో దిగినవాడు అద్దె ఎగ్గొట్టి, కోర్టు వాయిదాలతో ఏళ్లు గడిపేశాడు. అతని బాధ మీకేం తెలుసు?

సివిల్ దావా: ఆలస్యం వేరు, హక్కు పోవడం వేరు. భయపడాల్సింది ఇంకొకటి ఉంది. అద్దె ఒప్పందం ముగిసిపోయాక కూడా పన్నెండేళ్లు దావా వేయకుండా కూర్చుంటే, కాలపరిమితి చట్టం 67వ ఆర్టికల్ కింద ఖాళీ చేయించే హక్కు పోతుంది. అద్దె బ్యాంకు ద్వారానే తీసుకోండి, అదే మీకు సాక్ష్యం.

పై అంతస్తు: మా అనుభవంలో బ్రహ్మచారులకు ఇవ్వకపోవడమే సుఖం. కుటుంబాలకే ఇవ్వండి.

అద్దె ఇల్లు: అమ్మా, ఇలాంటి మాటలు చదివితే ఒళ్లు మండుతుంది. తలుపు తాళం తీయకముందే ‘మీరేమిట్లు?’ అంటారు. మాంసం వండకూడదంటారు, చుట్టాలు రాకూడదంటారు. నెల మొదటి తేదీన అద్దె వేసే మనిషికి ఇంతకన్నా ఏం అర్హత కావాలి?

పై అంతస్తు: నేను కులం అడగలేదు. రాత్రి రెండింటికి పాటలు పెడితే కింద మా అత్తగారికి నిద్ర ఉండదు, అందుకే చెప్పాను.

అద్దె ఇల్లు: అయితే ఆ షరతే ఒప్పందంలో రాయండి. మనుషులను ముందే వేరుచేయకండి.

డాలస్ తెలుగు: ఇక్కడినుంచి కొనేవాళ్లు వినండి. యజమాని ఎన్నారై అయితే అద్దె ఎంత చిన్నదైనా అద్దెదారు 30 శాతం, సెస్సుతో 31.2 శాతం టీడీఎస్ (అద్దెలోంచి ముందే పట్టుకునే పన్ను) కోసి ప్రభుత్వానికి కట్టాలి. దిగేముందే ఇది చెప్పకపోతే నోటీసు పాపం ఆ అద్దెదారుకే వస్తుంది.

లెక్కల మాస్టారు: పన్ను ప్రశ్న అలాగే ఉండిపోయింది. అద్దె ఆదాయంలో 30 శాతం ప్రామాణిక తగ్గింపు రెండు విధానాల్లోనూ ఉంది. లోను వడ్డీ అద్దెను మించడం వల్ల వచ్చే నష్టాన్ని పాత విధానంలో ఏటా 2 లక్షల వరకు జీతంలోంచి తీసేయవచ్చు, కొత్తదానిలో వీల్లేదు. ఇంకొకటి, ఆ ఫ్లాటుకు రాసిచ్చే అవిభక్త స్థలం వాటా (అపార్టుమెంటు ఉన్న నేలలో మీ భాగం) ఎన్ని గజాలో చూడండి. పాత కట్టడం విలువ తగ్గుతుంది, పెరిగేది ఆ గజాలదే.

బెజవాడ బాబాయి: లాయరు గారూ, ఒప్పందం కాగితం లేకుండా నెలనెలా అద్దెకున్నవాడికి నోటీసు ఎన్నాళ్లివ్వాలి?

సివిల్ దావా: ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం 15 రోజులు. రాసి, సంతకం చేసి, స్పీడ్ పోస్టులో పంపండి. రసీదు దాచుకోండి.